తెలియని దేశాల పాఠం: టీచర్లను ఎలా సిద్ధం చేయాలి

"టీచర్, ఆఫ్రికాలో ఏ భాష మాట్లాడతారు?" అని ఒక పిల్లవాడు అడుగుతాడు. ప్రశ్న చిన్నదే. కానీ ఆ టీచర్ ఆఫ్రికా చూడలేదు, అక్కడి మనిషితో ఎన్నడూ మాట్లాడలేదు, తాను చదువుకున్న పుస్తకాల్లో ఆ ఖండానికి దక్కినవి రెండు మూడు పేజీలు. ఏదో ఒకటి చెప్పి ముందుకు వెళ్లిపోవాలనిపిస్తుంది. ఒక్క నైజీరియాలోనే 500కు పైగా భాషలు ఉన్నాయని తెలిసి, ఆ సంఖ్య చెప్పి ఊరుకున్నా పిల్లవాడి మనసులో నిలిచేది ఒక అంకె మాత్రమే.

ఇలాంటి పాఠాలకు టీచర్లను తయారుచేసే బాధ్యత మీ మీద పడితే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. మీరు శిక్షకులు కావచ్చు, ప్రధానోపాధ్యాయులు కావచ్చు, లేదా నలుగురు టీచర్లు కలిసి సొంతంగా నేర్చుకోవాలనుకుంటూ ఉండవచ్చు. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు రెండు రోజులు ఏకబిగిన సమాచారం చెప్పాను. టీచర్లు శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత వాళ్ల క్లాసుల్లో కూర్చుంటే అదే సమాచారం పిల్లల నోటు పుస్తకాల్లోకి దిగుతూ కనిపించింది. రాజధాని, కరెన్సీ, పంటలు, అంతే. టీచర్‌కు ప్రపంచమంతా తెలియాల్సిన అవసరం లేదు. తెలియని చోటును మర్యాదగా, నిజాయితీగా తెలుసుకునే పద్ధతి చేతిలో ఉంటే చాలు. శిక్షణ అంతా ఆ పద్ధతి కోసమే.

ఒక్క రోజులో ముగించకండి. రెండు మూడు వారాల ఎడంతో కనీసం మూడు సమావేశాలు పెట్టుకోండి. మధ్యలో టీచర్లు వెతకాలి, చదవాలి, క్లాసులో ప్రయత్నించి చూడాలి.

మొదటి మెట్టు: తలలో ఇప్పటికే ఏముందో కాగితం మీద పెట్టించండి

సమాచారం ఏదీ ఇవ్వకముందే ఒక్కొక్కరికీ తెల్ల కాగితం ఇవ్వండి. మీరు ఎంచుకున్న ప్రాంతం పేరు బోర్డు మీద రాసి, వినగానే తోచిన పది మాటలు రాయమనండి. పేరు రాయక్కర్లేదని ముందే చెప్పండి. కాగితం మడిచి వెనక చిన్న గుర్తు పెట్టుకుంటే చాలు, తర్వాత ఎవరిది వాళ్లు పోల్చుకుంటారు.

ఇప్పుడు ఆ మాటలను నాలుగు వరసల్లో సర్దించండి. నేల, వాతావరణం ఒక వరస. జంతువులు ఒకటి. కష్టాలు, అంటే కరువు, యుద్ధం, రోగం, ఇంకొకటి. చివరి వరస, అక్కడి మనుషులు చేసే పనులు: చదవడం, కట్టడం, వాదించుకోవడం, పాడటం, వ్యాపారం చేయడం. ఆఫ్రికా అని రాసినప్పుడు నేను చూసిన కాగితాల్లో మొదటి మూడు వరసలు నిండిపోయేవి, నాలుగోది దాదాపు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని టీచర్లు తమ కళ్లతో చూడాలి. మీరు వ్యాఖ్యానించకండి, ఎవరినీ తప్పు పట్టకండి. "ఈ మాట మీకు ఎక్కడి నుంచి వచ్చింది?" అని మాత్రం అడగండి. సినిమా, వార్తలు, చిన్నప్పటి పాఠ్యపుస్తకం, ఎవరో చెప్పిన మాట. ఇలా మూలం గుర్తుపట్టడం అలవాటైతే రేపు క్లాసులో పిల్లల చేత కూడా అదే చేయించగలుగుతారు.

ఆ కాగితాలు పారేయకండి. చివర్లో మళ్లీ కావాలి.

రెండో మెట్టు: మ్యాప్‌ను ప్రశ్నించడం

గోడకు వేలాడే ప్రపంచ పటం చూపించి, గ్రీన్‌లాండ్ పెద్దదా, ఆఫ్రికా పెద్దదా అని అడగండి. చాలా పటాల్లో రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. నిజానికి గ్రీన్‌లాండ్ విస్తీర్ణం దాదాపు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 3 కోట్లకు పైనే. అంటే ఒక ఆఫ్రికాలో పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయి.

ఇది ఎందుకు జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో కుట్ర చేశారన్న అభిప్రాయం మిగులుతుంది. గెరార్డస్ మెర్కేటర్ 1569లో ఆ పటం గీసింది నావికుల కోసం. ఒకే దిశలో సాగే ఓడ దారి పటం మీద తిన్నని గీతగా కనిపించాలంటే ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూభాగాలను సాగదీయక తప్పదు. నావికుడికి అది గొప్ప సాయం. ఇబ్బందల్లా ఆ పటమే తరగతి గదిలో ప్రపంచ రూపంగా స్థిరపడిపోవడం. విస్తీర్ణాలు సరిగ్గా చూపే పటాలు కూడా ఉన్నాయి, 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ వాటిలో ఒకటి.

టీచర్ల చేత చేయించాల్సిన పని: గ్లోబు మీద పల్చటి కాగితం పరిచి గ్రీన్‌లాండ్‌ను గీసి కత్తిరించమనండి. ఆ ముక్కను అదే గ్లోబు మీద ఆఫ్రికాపై జరుపుతూ ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టమనండి. ఇరవై నిమిషాలు పడుతుంది, కానీ లెక్కపెట్టిన చెయ్యి మర్చిపోదు.

అదే ఊపులో పేర్ల గురించి కూడా మాట్లాడండి. మన పత్రికలు ఒకే ప్రాంతాన్ని ఒకరోజు "మధ్యప్రాచ్యం" అని, మరోరోజు "పశ్చిమాసియా" అని రాస్తాయి. ప్రాచ్యం అంటే తూర్పు. ఎవరికి తూర్పు? యూరప్‌లో నిలబడి చూసేవాళ్లకు. రెండో పేరు ఆ నేల ఆసియాలో ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. ఒక్క పేరు వెనక చూసేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుస్తుందని టీచర్లకు అర్థమైతే, మిగతా పేర్లను వాళ్లే అనుమానించడం మొదలుపెడతారు.

మూడో మెట్టు: ప్రాంతాన్ని కాదు, ప్రశ్నను ఎంచుకోండి

చాలా శిక్షణలు ఇక్కడే దెబ్బతింటాయని నా అభిప్రాయం. "ఆఫ్రికా గురించి చెప్పండి" అంటే 54 దేశాల గురించి చెప్పాలి. అది ఎవరి వల్లా కాదు, చివరికి జెండాలు, వంటకాలు, దుస్తులు, పండగల దగ్గర ఆగిపోతుంది. ఒక మంచి ప్రశ్న ఇస్తే టీచర్ దాన్ని పట్టుకుని ఆ నేలలోకి నడిచి వెళ్లగలడు.

మధ్య ఆసియా తీసుకుందాం. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ అని అయిదు పేర్లు బట్టీ పట్టిస్తే నెలలో మర్చిపోతారు. బదులుగా "ఒక సముద్రం ఎందుకు ఎండిపోయింది?" అని అడగండి. అరల్ సముద్రం 1960 నాటికి ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సు. దానిలోకి నీళ్లు తెచ్చే అమూ దర్యా, సిర్ దర్యా నదులను సోవియట్ ప్రభుత్వం పత్తి పొలాలకు మళ్లించింది. సరస్సు కుంచించుకుపోయి 1980ల చివరికి రెండు ముక్కలైంది. ఉజ్బెకిస్తాన్‌లో ఒకప్పుడు రేవు పట్టణమైన మొయినాక్ దగ్గర చేపల పడవలు ఇసుకలో తుప్పు పడుతున్నాయి. ఎండిన అడుగు నుంచి లేచే ఉప్పు ధూళి చుట్టుపక్కల మనుషుల ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. కథ ఇక్కడితో ఆపకూడదు. 2005లో కజకిస్తాన్ వైపు కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర భాగంలో నీటిమట్టం పెరిగింది, చేపలు తిరిగి వచ్చాయి, వాటితో పాటు జాలర్ల పని కూడా వచ్చింది. ఈ ఒక్క ప్రశ్నలో నదులు, వ్యవసాయం, సోవియట్ చరిత్ర, 1991లో దేశాలు విడిపోవడం, ఒకే నదిని పంచుకునే దేశాల మధ్య చిక్కులు అన్నీ వచ్చేస్తాయి. అయిదు దేశాల పేర్లు కూడా వాటంతటవే గుర్తుంటాయి, ఎందుకంటే వాటికి ఇప్పుడు పని ఉంది.

పసిఫిక్ దీవులకైతే "దిక్సూచి లేకుండా సముద్రం ఎలా దాటారు?" అన్న ప్రశ్న బాగుంటుంది. 1976లో హోకులేయా అనే జంట పడవ ఎలాంటి పరికరాలూ లేకుండా హవాయి నుంచి తహితి చేరింది. నక్షత్రాలు, అలల పోకడ, పక్షుల రాకపోకలు చూసి దారి చూపినవాడు మైక్రోనీషియాలోని సతవాల్ దీవికి చెందిన మౌ పియైలుగ్. పాత దీవివాసులు గాలికి కొట్టుకుపోయి ఏదో ఒడ్డుకు చేరారని వాదించినవాళ్లకు ఆ ప్రయాణం గట్టి జవాబైంది. పిల్లలకు "ఆదిమ జీవితం" అని చెప్పేదానికీ, ఒక శాస్త్రం తెలిసిన మనిషిని పరిచయం చేయడానికీ ఎంత తేడా!

ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. దానికి జవాబు చెప్పాలంటే అక్కడి మనుషులు ఆలోచించి చేసిన పని ఏదైనా చెప్పాల్సి వస్తోందా? వస్తే మంచి ప్రశ్న.

నాలుగో మెట్టు: ఎవరు చెబుతున్నారో చూడటం

ప్రశ్న దొరికాక టీచర్లు వెంటనే ఫోన్‌లో వెతుకుతారు. వెతకనివ్వండి. కానీ దొరికిన ప్రతి దానికీ మూడు మాటలు రాయించండి: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు. ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి గ్రేట్ జింబాబ్వే కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆఫ్రికా దక్షిణ భాగంలో సున్నం, బురద ఏదీ లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టిన పెద్ద ప్రాకారాలు ఉన్నాయి, వాటి పేరే గ్రేట్ జింబాబ్వే. దాదాపు 11 నుంచి 15వ శతాబ్దం వరకు అక్కడ ఒక నగరం వెలిగింది. దాన్ని కట్టింది షోనా ప్రజల పూర్వీకులు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడికి వచ్చిన యూరోపియన్లు మాత్రం ఆఫ్రికన్లు ఇంత పని చేయలేరని, పశ్చిమాసియా తీరపు ప్రాచీన వ్యాపారులైన ఫినీషియన్లో మరెవరో బయటివాళ్లో కట్టి ఉంటారని రాశారు. 1905లో డేవిడ్ రాండల్-మాకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కాటన్-థాంప్సన్ తవ్వకాలు జరిపి ఇది ఆఫ్రికన్ల కట్టడమేనని తేల్చారు. అయినా తెల్లవాళ్ల పాలనలోని రొడీషియాలో (ఆ దేశానికి అప్పటి పేరు) ఆ నిజాన్ని అణచడానికి 1970ల దాకా ఒత్తిళ్లు సాగాయి. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక దేశం ఆ కట్టడం పేరునే తన పేరుగా పెట్టుకుంది. అక్కడ దొరికిన రాతి పక్షి ఇవాళ జింబాబ్వే జెండా మీద ఉంది.

ఈ కథ చెప్పాక, పాత పుస్తకం నుంచి ఒక పేరా, ఇటీవలి రచన నుంచి ఒక పేరా పక్కపక్కన పెట్టి చదివించండి. ఏ మాట మారింది, ఎవరి పేరు మాయమైంది, ఎవరి పేరు వచ్చి చేరింది? మూడు మాటలు ఎందుకు రాయమన్నారో ఇక ఎవరూ అడగరు.

ఆ ప్రాంతంవాళ్లే రాసినవాటికి పెద్దపీట వేయండి. ఆఫ్రికా చరిత్రకు యునెస్కో ప్రచురించిన సంపుటాలున్నాయి. ఆఫ్రికన్ పండితులు ముందుండి నడిపించిన పని అది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మామూలు ఇళ్లు చూడాలంటే డాలర్ స్ట్రీట్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో వేర్వేరు దేశాల కుటుంబాల ఫొటోలను ఆదాయం వరసలో పెట్టారు. వంటింటి పొయ్యి, పిల్లల బొమ్మలు, పళ్లు తోముకునే బ్రష్ లాంటి వస్తువులను దేశదేశాల మధ్య పోల్చి చూడవచ్చు. ఒకే దేశంలో రెండు ఇళ్ల మధ్య తేడా, రెండు దేశాల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండటం టీచర్లను ఆలోచనలో పడేస్తుంది.

ఆ ప్రాంతం మనిషిని పిలవగలిగితే, వీడియో కాల్‌లోనైనా, తప్పకుండా పిలవండి. అయితే ఆ మనిషిని ఖండం మొత్తానికి ప్రతినిధిగా కూర్చోబెట్టకండి. "మీ సంస్కృతి గురించి చెప్పండి" అంటే ఎవరైనా ఇబ్బందిపడతారు. "మీరు స్కూలుకు ఎలా వెళ్లేవారు? మీ ఇంట్లో దేని గురించి వాదించుకునేవారు? మీ తాతకూ మీకూ ఏం మారింది?" అని అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. ఆ ప్రాంతం పిల్లవాడు క్లాసులో ఉంటే ఇంకా జాగ్రత్త. అందరి ముందు లేపి "నువ్వు చెప్పు" అనకూడదు. చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు. లేకపోతే మౌనంగా కూర్చునే హక్కు వాడికి ఉంది.

అయిదో మెట్టు: మాటలు సరిచూసుకోవడం

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నాకు చాలా ఇష్టమైన భాగం. పేర్లు అక్కడివాళ్లు ఎలా పలుకుతారో విని తెలుగులో రాయించండి. తెలుగు లిపిలో పలికినట్టే రాసుకునే సౌకర్యం ఉంది, కానీ మనం ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి రాయడం వల్ల తప్పుతుంటాం. పసిఫిక్‌లోని ఒక దేశాన్ని స్పెల్లింగ్ చూసి కిరిబాటి అంటాం, అక్కడివాళ్లు కిరిబాస్ అంటారు. ఆర్కిటిక్ ప్రజలను చాలాకాలం ఎస్కిమోలు అన్నారు. కెనడాలో, గ్రీన్‌లాండ్‌లో వాళ్లు తమను ఇన్యూట్ అని చెప్పుకుంటారు. అలాస్కాలోని యూపిక్‌లు మాత్రం ఇన్యూట్‌లు కారు, వాళ్ల పేరు వాళ్లదే.

తర్వాత మన సొంత మాటలు. "తెగ" అనే మాట తీసుకోండి. పశ్చిమ ఆఫ్రికాలో యొరుబా భాష మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు, వాళ్లకు పాత నగరాలు, రాజవంశాలు, సాహిత్యం ఉన్నాయి. అయినా మన రాతల్లో వాళ్లు తెగ. నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండ్ వాళ్లు జాతి. ఎందుకు? ఈ ప్రశ్న బోర్డు మీద రాసి టీచర్లను మాట్లాడుకోనివ్వండి. "చీకటి ఖండం" కూడా అలాంటిదే. బయటివాళ్లకు తెలియకపోవడాన్ని ఆ నేలకు అంటగట్టిన పేరు అది, పాఠంలో నుంచి తీసేయాలి. అరబ్బులు అందరూ ముస్లింలు కారు, ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులున్నారు. ముస్లింలలో ఎక్కువమంది అరబ్బులు కారు. ఇరాన్‌లో ఎక్కువమంది మాట్లాడేది పారశీకం, అరబిక్ కాదు. ఇలాంటి కలగాపులగాలు ప్రతి ప్రాంతానికీ ఉంటాయి. ఎంచుకున్న ప్రాంతానికి సంబంధించి టీచర్ల చేతే ఒక జాబితా తయారుచేయించండి.

ఆరో మెట్టు: పాఠం రాయించి, తోటి టీచర్ల ముందు చెప్పించడం

రాసిన పాఠాన్ని నాలుగు ప్రశ్నలతో వడకట్టండి. అందులో పేరున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఒక నగరం ఉందా? గత యాభై ఏళ్లలో జరిగింది ఏదైనా ఉందా? ఆ ప్రాంతంవాళ్లు తమలో తాము విభేదించే విషయం ఒక్కటైనా ఉందా? వీటిలో నాలుగోదే ఎక్కువ పాఠాల్లో కనిపించదు. అందరూ ఒకేలా ఆలోచించే దేశం ఎక్కడా లేదు. కాబట్టి అది లేని పాఠాన్ని తిరిగి రాయించండి.

కష్టాలను దాచమని నేను అనడం లేదు. కరువు గురించి చెప్పండి, యుద్ధం గురించి చెప్పండి, కానీ కారణంతో సహా చెప్పండి. కాంగోలో హింస గురించి చెప్పే పాఠంలో 1885 నుంచి 1908 వరకు ఆ దేశం బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఉండేదని, రబ్బరు కోసం ప్రజల చేత బలవంతంగా పని చేయించారని లేకపోతే పిల్లలు తప్పంతా అక్కడి మనుషుల స్వభావంలోనే ఉందని అనుకుంటారు.

పాఠం చెప్పించేటప్పుడు మిగతా టీచర్లు పిల్లల్లా కూర్చుని నిజంగా పిల్లలు అడిగేవే అడగాలి. మొహమాటపడకూడదు. "వాళ్లు ఎందుకు అలా చేస్తారు, విచిత్రంగా లేదూ?" అనాలి, నవ్వాలి. అప్పుడు ఏం చేయాలో టీచర్ సాధన చేయాలి. నవ్విన పిల్లవాడిని మందలిస్తే వాడు నవ్వడం ఆపుతాడు, ఆలోచించడం కూడా ఆపుతాడు. "ఈ పద్ధతి వాళ్లకు ఏ అవసరం తీరుస్తోంది?" అని ఎదురు అడగడం మేలు.

సాధనకు ఇథియోపియా గడియారం బాగా పనికొస్తుంది. అక్కడ రోజు లెక్క తెల్లవారుజామున మొదలవుతుంది. మనం ఉదయం ఏడు అనే సమయాన్ని వాళ్లు ఒంటిగంట అంటారు. "వాళ్ల టైమ్ తప్పు" అని ఎవరో ఒకరు అంటారు, అననివ్వండి. అప్పుడు టీచర్ అడగాలి: భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట సూర్యుడు ఏడాది పొడవునా దాదాపు ఒకే సమయానికి ఉదయిస్తే, రోజును ఎక్కడ మొదలుపెట్టడం తేలిక? అర్ధరాత్రి నిద్రలోనా, వెలుగు వచ్చినప్పుడా? కాసేపటికి పిల్లలు అర్ధరాత్రి దగ్గర తేదీ మార్చే తమ అలవాటునే వింతగా చూడటం మొదలుపెడతారు. ఇథియోపియా క్యాలెండర్‌లో పదమూడు నెలలని, ముప్ఫై రోజుల చొప్పున పన్నెండు, చివర అయిదారు రోజుల చిన్న నెల ఒకటని అప్పుడు చెబితే ఎవరూ నవ్వరు, లెక్క వేస్తారు.

"నాకు తెలియదు" అని చెప్పడం కూడా పైకి పలికించి సాధన చేయించాల్సిందే. ఈ ఒక్క మాట గురించి టీచర్లు పడే టెన్షన్ చూస్తే నాకు బాధ కలుగుతుంది. మాట అక్కడితో ఆపకుండా "నాకు తెలియదు, ఎక్కడ వెతకాలో తెలుసు, గురువారం కల్లా కలిసి చూద్దాం" అని రోజుతో సహా చెప్పించండి. ఆ గురువారం తప్పకుండా జవాబు రావాలి.

చివరి సమావేశం

టీచర్లు క్లాసులో పాఠం చెప్పి వచ్చాక మళ్లీ తెల్ల కాగితాలు ఇవ్వండి. అదే ప్రాంతం పేరు, అవే పది మాటలు, అవే నాలుగు వరసలు. రాయడం పూర్తయ్యాక మొదటి రోజు మడిచిన కాగితాలు బల్ల మీద పరచండి, ఎవరి గుర్తు చూసి వాళ్లు తీసుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవడానికి పది నిమిషాలు వదిలేయండి, మీరు ఏమీ మాట్లాడకండి. తర్వాత మరో తెల్ల కాగితం ఇచ్చి, బోర్డు మీద ఇంకో ప్రాంతం పేరు రాయండి. ఈసారి ప్రశ్న వాళ్లే ఎంచుకుంటారు.